పచ్చ తోక

మా ఆయన ఎడమ ముంజేతి మీద ఒక చేప ఉండేది. నల్లటి గీతలు, ఎర్రటి ఒళ్ళు, ఆకుపచ్చ తోక. అలాంటి చేపే ఆయన మొదటి భార్య కుడి ముంజేతి మీద కూడా ఉండేది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే మనిషి దగ్గర పచ్చబొట్టు పొడిపించుకున్నారు. చేతులు పక్కపక్కన పెడితే రెండు చేపలూ మూతులు ఆనించుకునేవట. ఈ సంగతి నాకెవరో చాడీలు మోసేవాళ్ళు చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో "ఇదేంటండీ?" అనడిగితే ఆయనే చెప్పాడు. అబద్ధమాడటం చేతకాని మనిషితో కాపురం ఎంత కష్టమో నన్నడగండి.

వాళ్ళు విడిపోయి అప్పటికే నాలుగేళ్ళు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. చివరి రోజున కోర్టు బయట ఒకరికొకరు "జాగ్రత్త" అని చెప్పుకుని వచ్చేశారట. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కాస్త దుమ్మెత్తి పోసుకుని విడిపోతే వాళ్ళ సొమ్మేం పోయింది? ఆవిడ ముఖం నేను చూడలేదు. పేరు తెలుసు గానీ నోటితో అనేదాన్ని కాదు. నాకు ఆవిడ చేపావిడ, అంతే. మా ఆడపడుచు మాత్రం మా పెళ్ళై రెండేళ్ళైనా ఆవిడని "వదిన" అనీ, నన్ను "కొత్త వదిన" అనీ అంటుంది. కొత్త చెప్పులైనా రెండేళ్ళకి పాతబడతాయి కదా అని ఒకసారి మొహం మీదే అనేశాను. నవ్వేసి ఊరుకుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పనిలో దిగగానే మొదట చేసే పని చొక్కా చేతులు మోచేతుల దాకా మడవడం. అంటే ఊళ్ళో లిఫ్టున్న ప్రతి మేడలోనూ ఆ చేపని చూడని వాళ్ళు లేరు. ఇంట్లోనూ అంతే. కంచం అందుకుంటే చేప, దుప్పటి లాక్కుంటే చేప. తలనొప్పిగా ఉందంటే పాపం నుదురు నొక్కుతాడు, కళ్ళు తెరిచి చూస్తే చేప నా మొహం మీదే ఈదుతూ ఉంటుంది.

ఇందులో తమాషా ఏంటంటే, పచ్చబొట్లు చెరపడమే నా ఉద్యోగం. చర్మం డాక్టరమ్మ దగ్గర తొమ్మిదేళ్ళుగా లేజరు మిషను నడుపుతున్నాను. కిటికీ లేని చిన్న గది, ఒక వాలుకుర్చీ, చల్లగాలి ఊదే గొట్టం, పేషెంటుకీ నాకూ చెరో నల్ల కళ్ళద్దాల జత. మిషను చివర పట్టుకునే పిడిని చర్మానికి ఆనించి కాలితో మీట నొక్కితే టక్కుమని వెలుతురు పడుతుంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. నలుపుకి ఒక రకం వెలుతురు, ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి ఇంకొకటి, దానికి పిడి కూడా వేరే. నలుపు తొందరగా పోతుంది. ఆకుపచ్చ మొండిది. సిరా ఒక్కసారిగా పోదు. ప్రతి అయిదు వారాలకీ ఒక సిట్టింగ్ చొప్పున కొంచెం కొంచెంగా పలచబడుతుంది.

"ఆ చేప తీసేద్దామండీ," అని ఒకరోజు అడిగాను. ఎన్ని సాకులు చెబుతాడో, వాటికేం జవాబు చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుని మరీ అడిగాను. ఆయన స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ, "నీకు బాధగా ఉంటే తీసేద్దాం," అన్నాడు. అంతే. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడని వారం రోజులు నిద్ర పట్టలేదు నాకు. ఒప్పుకోకపోయి ఉంటే పుట్టింటికి ప్రయాణం కట్టేదాన్నే, అది వేరే సంగతి.

డాక్టరమ్మకి చెబితే, "సొంతవాళ్ళకి మనం చెయ్యకూడదు అమ్మాయ్. పక్క గది పిల్లకి అప్పజెప్పు," అంది. పక్క గది పిల్లకి ఇరవై మూడేళ్ళు. పొడుగాటి వేళ్ళు. ప్రతిదానికీ కిలకిలా నవ్వుతుంది. ఆ పిల్ల మా ఆయన చెయ్యి పట్టుకుని అరగంట కూర్చుంటుందా! నేనే చేస్తానని పట్టుబట్టాను. డాక్టరమ్మ నన్ను కళ్ళద్దాల మీదుగా చూసి, "సరే, పద్ధతి తప్పకు," అంది.

మా పద్ధతి ఇది. ప్రతి పేషెంటుకీ ఒక కార్డు ఉంటుంది. ఏ రంగు మీద ఎంత శక్తితో కొట్టామో ఆ అంకె అందులో రాయాలి. పోయినసారి ఏ అంకె దగ్గర ఆపామో ఈసారి అక్కడ మొదలుపెట్టాలి, చర్మం తట్టుకుంటే ఒక మెట్టు పెంచాలి. దెబ్బ సరిగ్గా తగిలిందనడానికి గుర్తు, ఆ చోట చర్మం కాసేపు మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. తొమ్మిదేళ్ళలో కొన్ని వందల కార్డులు రాశాను. ఒక్కదాంట్లోనూ అంకె తప్పు రాయలేదు.

నాలుగు సిట్టింగుల్లో నలుపు పోయింది, ఎరుపు పోయింది. మా ఆయన పళ్ళు బిగించుకుని కూర్చునేవాడు. చేతి మీద మొండి తోక ఒక్కటే మిగిలింది, బొటనవేలంత. నాకు సగం పండగైపోయింది. ఐదోసారి ఆకుపచ్చకి పిడి మార్చి నాలుగు దగ్గర పెట్టాను. మొదటి దెబ్బకే ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. కళ్ళద్దాల కిందినుంచి నీళ్ళు కారాయి. "ఏం లేదు, ఏం లేదు, కానియ్," అన్నాడు గానీ రెండో చేత్తో కుర్చీ పట్టుకుని వదల్లేదు. ఈ ఒక్కసారికి కాస్త తగ్గిస్తే ఏమైందిలే అని మూడు పాయింట్ ఎనిమిదికి దించి పని కానిచ్చాను. కార్డులో మూడు పాయింట్ ఎనిమిది అనే రాశాను.

సరిగ్గా ఆ మరుసటి వారమే చేపావిడ వచ్చింది.

కుర్చీలో కూర్చుని చేతి గుండీ విప్పి పైకి మడవగానే నా గుండె ఆగినంత పనైంది. అదే చేప. నల్ల గీతలు, ఎర్ర ఒళ్ళు, పచ్చ తోక, తల మాత్రం అటు తిరిగి ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "మీరేనా ఆయన భార్య? మీ ఆడపడుచు చెప్పింది, మీ చెయ్యి మంచిదని," అంది. ఆడపడుచు సంగతి తర్వాత చూద్దామని పళ్ళు కొరుక్కున్నాను.

చూడటానికి అందగత్తె ఏం కాదు. ఈ మాట నేను రాగద్వేషాలు లేకుండా చెబుతున్నాను. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు, నా కంటే రెండంగుళాలు పొట్టి. బడిపిల్లలకి లెక్కలు చెబుతుందట. కానీ ఎదుటిమనిషి మాట్లాడుతుంటే తల కొంచెం వంచి వింటుంది. ఆ వినడం చూసి నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

"ఎందుకు తీయించుకుంటున్నారు?" అని అడిగాను. కార్డులో ఆ ప్రశ్న లేదు, నేను అడిగాను.

"చెయ్యి కడుక్కున్నప్పుడల్లా కనిపిస్తోంది. ఎందుకులే అనిపించింది," అంది.

ఆవిడ మీద పగ తీర్చుకున్నానని మాత్రం అనుకోకండి. పద్ధతి ప్రకారం చేశాను. మొదలుపెట్టిన చోటు నుంచి ఒక్కో మెట్టూ పెంచుకుంటూ, తెల్లగా మంచు పట్టేదాకా కొట్టాను. ఆవిడ ఉలకలేదు, పలకలేదు. పైగా కబుర్లు. రెండో సిట్టింగులో నవ్వుతూ అంది: "ఆయనకి కూడా మీరే చేస్తున్నారట కదా. ఎలా ఓర్చుకుంటున్నాడండీ? నొప్పంటే చచ్చేంత భయం ఆయనకి. ఈ చేప పొడిపించుకునేటప్పుడు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాడు. లేచి నీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నాడు. మూడు గంటలు. వద్దులే అన్నా వినలేదు."

ఆ మాట నా చెవిలో పడ్డ క్షణం నుంచి నాకు అన్నం సహించలేదు. ఆవిడ కోసం మూడు గంటలు సూదులు భరించాడు. కళ్ళు తిరిగినా లేచి కూర్చున్నాడు. నా కోసం అయిదు నిమిషాలు వెలుతురు భరించలేడా?

ఆ తర్వాత ప్రతి సిట్టింగుకీ ముందురోజు శపథం పట్టేదాన్ని, ఈసారి పూర్తిగా కొట్టి వదిలిపెడతానని. కుర్చీలో ఆయన చెయ్యి నా ఒళ్ళోకి రాగానే శపథం ఏ గంగలో కలిసేదో తెలియదు. పోయినసారి ఆపిన అంకె దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఆయన ఉలిక్కిపడేవాడు. ఈ ఒక్కసారికే కదా అని కాస్త దించేదాన్ని. కార్డులో రాసేదాన్ని, తర్వాత సిట్టింగ్ ఆ అంకె నుంచే మొదలు. చర్మం లేతగా తెల్లబడినట్టే ఉండేది. ఉన్నట్టే అనుకునేదాన్ని.

ఇంటికి రాగానే మాత్రం కారాలు మిరియాలు నూరేదాన్ని.

"ఏం పలచబడలేదు. ఎలా ఉందో అలాగే ఉంది!"

"నేనేం చెయ్యను, కూర్చుంటున్నాను కదా," అనేవాడు ఆయన.

"కూర్చుంటే సరిపోదు. లోపల్నించి వదలాలి. వదిలే ఉద్దేశం ఉన్నవాళ్ళకి పోతుంది."

మొదట్లో ఈ మాటకి నవ్వేవాడు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశాడు. భోజనం దగ్గర కూడా చేతులు మడవడం మానేసి, చొక్కా గుండీ పెట్టుకునే తినేవాడు. దాచిపెడుతున్నాడని నాకు ఇంకా అనుమానం పెరిగింది.

ఏడు నెలలు గడిచాయి. చేపావిడ ఆరో సిట్టింగ్ తర్వాత చూపించుకోవడానికి వచ్చింది. దీపం కింద పెట్టి ఎటు తిప్పి చూసినా చేప జాడ లేదు. చెయ్యంతా ఒకే రంగు. "మీ ఆడపడుచు చెప్పింది నిజమే," అని నా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అదే వారం మా ఆయనకి పదకొండో సిట్టింగ్ అయింది. తోక నిక్షేపంలా ఉంది, నిన్న పొడిచినట్టు.

ఆ సాయంత్రం నేను గిన్నెలు తోముతున్నాను, ఆయన తుడిచి పెడుతున్నాడు. నా నోరు ఆగలేదు.

"ఆవిడ చేతి మీద పోయింది, తెలుసా? ఒక్క చుక్క లేదు. ఆవిడ వదిలేసింది మిమ్మల్ని. మీరే పట్టుకుని వేలాడుతున్నారు."

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "ఏం చెయ్యమంటావు చెప్పు. కోసి తీసేస్తారట కదా, అలా చేయించుకోనా?"

"మీరా! సూది చూస్తేనే మొహం తిప్పుకుంటారు, మీరా కోయించుకునేది? ఆవిడ అడిగితే కోయించుకునేవారేమో. నేనడిగితే ఎందుకు చేస్తారు?" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఆ తోక ఉన్నంతకాలం నేను మీ పక్కన పడుకోను. ముగ్గురం పట్టే మంచం కాదు అది."

నా దిండు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాను. వెనకాల వస్తాడనుకున్నాను. రాలేదు. మర్నాడు మామూలుగా పనికి వెళ్ళొచ్చాడు. మూడో రోజు పొద్దున "ఇవాళ ఊరవతల పనుంది" అని మాత్రం చెప్పి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు పనిముట్ల సంచి తీసుకెళ్ళలేదని నేను గమనించాను. గమనించి, ఎవరిని కలవడానికి వెళ్తున్నాడో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, నవ్వకండి. ఒకే రోజు, ఒకే సీసాలోంచి పొడిచిన రంగు ఒకరికి పోయి ఇంకొకరికి పోకుండా ఉంటుందా? మనసుకీ దానికీ ఏమైనా సంబంధం ఉంటుందా?"

ఆవిడ నవ్వలేదు. "రెండు కార్డులూ పట్రా," అంది.

పట్టుకొచ్చాను. బల్ల మీద పక్కపక్కన పరిచింది. "ఆకుపచ్చ వరస చదువు. ముందు ఆవిడది."

"నాలుగు. నాలుగున్నర. అయిదు. అయిదున్నర. ఆరు. ఆరున్నర," అని చదివాను.

"ఇప్పుడు మీ ఆయనది."

"మూడు పాయింట్ ఎనిమిది. మూడున్నర. మూడు పాయింట్ మూడు..." ఆ అంకె మీద వేలు పెట్టి చూశాను. అన్నీ నా చేతి రాతే. "మూడు. రెండు పాయింట్ ఎనిమిది..."

"చదువు, చదువు."

"రెండున్నర. రెండు పాయింట్ రెండు."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు ఇతనికి వైద్యం చెయ్యలేదు అమ్మాయ్. జోల పాడావు. ఇంకో పదేళ్ళు ఇలాగే చేసినా ఆ తోక కదలదు. పక్క గది పిల్ల చేసుంటే ఈపాటికి ఎప్పుడో పోయేది. అందుకే సొంతవాళ్ళకి చెయ్యొద్దన్నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజమే. తొమ్మిదేళ్ళ పనితనం గంగపాలైంది. కానీ లోపల ఒక మూల నుంచి సంతోషం తన్నుకొచ్చింది. ఆయన పట్టుకుని వేలాడటం లేదు! ఆ తోకని ఆయన చేతి మీద ఏడు నెలలు కాపలా కాసి నిలబెట్టింది నేనే. ఆయన మనసులో చేపావిడ లేదు. నా చేతిలోనే చేవ లేదు.

సెలవు చెప్పి బయలుదేరాను. బస్సులో కూర్చుని ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాను. ముందు తిట్టించుకోవాలి, తర్వాత నవ్వించాలి. వచ్చే సిట్టింగ్ పక్క గది పిల్లకి అప్పజెప్పాలి, ఎంత నవ్వితే నవ్వనీ. ఆయనకి మూడుసార్లు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఊరవతల పని కదా అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఆయన బూట్లున్నాయి. ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఎదురుగా బల్ల మీద, నా దిండు మీద పెట్టుకున్నాడు. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా తెల్లటి కట్టు. మొహం సున్నం కొట్టినట్టుంది. అయినా నన్ను చూసి నవ్వాడు.

"పోయింది," అన్నాడు. "ఎనిమిది కుట్లు పడ్డాయి. పది రోజులకి విప్పుతారట. లోపల పచ్చ చుక్క కూడా మిగల్లేదన్నారు. నీకు నమ్మకం ఉండదని తీసిన ముక్కని ఫోటో తియ్యమన్నాను. ఫోన్లో ఉంది, చూడు."

నేను ఫోటో చూడలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే. "తోడు ఎవరొచ్చారు?" అన్నాను.

"ఎవరూ రాలేదు," అన్నాడు. "ఒక్కడినే వెళ్ళాను. మొదటిసారి కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను కూడా. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను."

నేను నేల మీద కూలబడి అంతా చెప్పేశాను. కార్డులు, అంకెలు, ప్రతిసారీ ఎంత దించానో, డాక్టరమ్మ ఏమందో. బస్సులో కూడబలుక్కున్న మాట ఒక్కటీ గుర్తు లేదు. తప్పు మీ చర్మంది కాదు, నాది, నాది అని ఎన్నిసార్లు అన్నానో. అంతా అయ్యాక ఆయన కట్టు అంచు వేలితో సర్దుకున్నాడు.

"అంటే నేను కాదన్నమాట," అన్నాడు చివరికి.

"ఏంటండీ?"

"నువ్వన్నావు కదా, నేనే వదల్లేకపోతున్నానని. మొదట్లో నవ్వుకున్నాను. పోను పోను నాకూ అనుమానం పట్టుకుంది. లిఫ్టు పైన ఒక్కడినే కూర్చున్నప్పుడల్లా వెతుక్కునేవాణ్ణి, ఆవిడ గుర్తొస్తోందా లేదా అని. ఏం కనిపించేది కాదు. చొక్కా చెయ్యి ఎత్తి చూసుకుంటే మాత్రం పచ్చగా అక్కడే ఉండేది. నాకు తెలియకుండా నాలో ఏదో ఉందనుకున్నాను. నా భార్యకి కనిపిస్తోంది, నాకే కనిపించట్లేదు అనుకున్నాను. ఏడు నెలలు నన్ను నేనే దొంగలా చూసుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. గొంతు కూడా పెంచలేదు. లిఫ్టులో ఏం పాడైందో ఇంటివాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. నాకు నా మీదే అసహ్యం వేసింది. మోకాళ్ళ మీద దగ్గరికి జరిగి, కట్టు మీద చెయ్యి వెయ్యబోయాను. ఇంకా జానెడు దూరం ఉండగానే ఆయన ఆ చేతిని దిండు మీంచి తీసి తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"లేదు," అన్నాడు. "మత్తు ఇంకా దిగలేదు."